పదిహేడు మీటర్లు

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు, మా గ్లైడింగ్ క్లబ్బులో ఎవరినడిగినా చెబుతారు. వాళ్ళు నాకు పెట్టిన పేరు మిల్లీబార్, అంటే గాలి ఒత్తిడి కొలత. గాలి ఒత్తిడి కొలిచే పని నాది కాబట్టి ఆ పేరొచ్చిందని నేను అనుకుంటాను. నేను ఎప్పుడు పేలతానో తెలియదు కాబట్టి వచ్చిందని వాళ్ళు అనుకుంటారు. అనుకోనీండి. కోపానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. పోయిన పోటీల్లో నేను చేసిన పనికి మాత్రం, ఇప్పటికీ తలుచుకున్నప్పుడల్లా నాలో నేనే కుంచించుకుపోతాను.

మా క్లబ్బులో ఎగిరేవి గ్లైడర్లు, ఇంజను లేని విమానాలు. చిన్న విమానమొకటి తాడు కట్టి పైకి లాక్కెళ్ళి వదిలేస్తుంది. ఆ తర్వాత ఎవరి తిప్పలు వాళ్ళవి. ఎండకి వేడెక్కి పైకి లేచే గాలిని వెతుక్కుని, అందులో గుండ్రంగా తిరుగుతూ ఎత్తు సంపాదించుకోవాలి. ఆ ఎత్తును కొంచెం కొంచెంగా వదులుకుంటూ దూరం వెళ్ళాలి. ఎంత ఎత్తు దొరికితే అంత లాభం. అయితే మా మైదానం మీద రెండు వేల మీటర్ల దగ్గర ఒక హద్దు ఉంది. దాని పైన ప్రయాణికుల విమానాలు తిరుగుతాయి. పోటీలో ఆ హద్దు ఒక్క మీటరు దాటినా ఆ రోజు మార్కులు సున్నా.

ఎగిరేవాళ్ళ ఎదురుగా ఎత్తు చూపించే ఆల్టిమీటరు ఉంటుంది, కానీ దాటారో లేదో తేల్చి చెప్పేది లాగర్. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా. గ్లైడర్లో కూర్చుని క్షణక్షణం ఎత్తు రాసుకుంటూ ఉంటుంది. గాలి ఒత్తిడిని బట్టి అది లెక్క కడుతుంది. వయసు మీద పడేకొద్దీ ఒకటి పది మీటర్లు ఎక్కువ చెబుతుంది, ఇంకొకటి పదిహేను తక్కువ చెబుతుంది. ఏ డబ్బా ఎంత తప్పు చెబుతోందో తేల్చి, ఎంత కలపాలో ఎంత తీసెయ్యాలో కార్డు మీద రాసి, ముద్ర వెయ్యడం నా పని. ముప్పై ఏళ్ళుగా అదే చేస్తున్నాను.

గ్లైడర్లు పెట్టే షెడ్డు, హ్యాంగరు, వెనక నా రేకుల గది. బల్ల మీద మందపాటి అద్దం మూత ఉన్న ఉక్కు పాత్ర ఒకటి ఉంటుంది, దాన్ని ఛాంబర్ అంటాం. లాగర్ని లోపల పెట్టి, మూత బిగించి, పంపుతో గాలి తోడేస్తే పాపం ఆ డబ్బా తాను పైకెగురుతున్నానని అనుకుంటుంది. బల్ల మీద కూర్చునే రెండు వేల మీటర్లు ఎక్కేస్తుంది. పక్కన ఉన్న పెద్ద మీటరు అసలు ఎత్తు చెబుతుంది. రెండింటికీ తేడా చూసుకోవడమే. దీనికి నేనే పెట్టిన నియమం ఒకటుంది: ఒకరు చదవాలి, ఇంకొకరు రాయాలి. పెద్ద మీటరు అంకె ముందు, లాగర్ అంకె తర్వాత. రాసినవాళ్ళు మళ్ళీ పైకి చదివి వినిపించాలి. ఒంటరిగా చేస్తే మనిషి తనకు కావలసింది చూస్తాడని నేనే అందరికీ పాఠాలు చెప్పేవాణ్ణి.

నాకు రాసిపెట్టేది మా అక్క కూతురు, నేను మా అమ్మాయనే అంటాను. బడికెళ్ళే రోజుల నుంచీ సెలవు దొరికితే చాలు ఆ గదిలోనే ఉండేది. నేను చదవడం, అది రాయడం. ఇప్పుడు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం చేస్తోంది, క్లబ్బు మొత్తంలో దానికంటే శ్రద్ధగా ఎగిరేవాళ్ళు లేరు. దేశం జట్టులో చోటు కోసం మూడేళ్ళుగా ప్రయత్నిస్తోంది. ఈసారి జట్టులో ఉన్నవి రెండు చోట్లు. ఒకటి ఎప్పుడూ గెలిచే ఛాంపియన్ది, దాని గురించి ఎవరికీ ఆశ లేదు. రెండోది మా అమ్మాయికో, మా క్లబ్బులోనే ఎగిరే పళ్ళ డాక్టరుకో రావాలి. మా అమ్మాయి ఈ ఆరు రోజుల పోటీ కోసం రెండేళ్ళ సెలవులు కూడబెట్టుకుంది.

పోటీ మొదలయ్యే ముందురోజు ఇరవై ఏడు లాగర్లు నా బల్ల మీదికొచ్చాయి. పొద్దున్నుంచీ ఇద్దరం కూర్చుని ఇరవై ఆరు పూర్తిచేశాం. మధ్యలో టీకి క్యాంటీనుకెళితే పళ్ళ డాక్టరు నవ్వుతూ అన్నాడు, "ముద్ర మామగారిది, కలం మేనకోడలిది. ఇంక మాలాంటి వాళ్ళకి ఏం మిగులుతుందండీ?"

సరదాకే అన్నాడు. అతను మంచివాడే. కానీ నాకు ఒళ్ళు మండింది. గదికి తిరిగొచ్చేసరికి బల్ల మీద మిగిలింది మా అమ్మాయి లాగర్ ఒక్కటే. అది పెన్ను తీసుకుని కూర్చోబోయింది.

"నువ్వు లే. బయటికెళ్ళు," అన్నాను.

"అదేంటి మామయ్యా, ఇదొక్కటేగా మిగిలింది?"

"నీ డబ్బాకి నువ్వే రాస్తే జనం ఏమంటారు? వెళ్ళమన్నానా!"

"పోనీ మార్కులు వేసే టీచరుగారిని పిలవనా?"

"నాకెవరూ అక్కర్లేదు. ముప్పై ఏళ్ళుగా చేస్తున్నాను, ఒక్క డబ్బా నేను చూసుకోలేనా?"

మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళింది. నేను అద్దం మూత మీదికి వంగి లాగర్ చూసి రాసుకున్నాను, లేచి పెద్ద మీటరు చూసి రాసుకున్నాను. డాక్టరు మాటకి అప్పుడు చెప్పని జవాబులన్నీ ఇప్పుడు గదిలో గోడలకి చెబుతూ పని చేశాను. కార్డు రాసి ముద్ర కొట్టాను: పదిహేడు మీటర్లు కలపాలి.

మొదటి మూడు రోజులూ గాలి అంతంతమాత్రం, ఎవరూ హద్దు దగ్గరికే వెళ్ళలేదు. నాలుగో రోజు ఎండ దంచేసింది. మా అమ్మాయి మూడు వందల పన్నెండు కిలోమీటర్లు చుట్టి అందరికంటే ముందు దిగింది. ఛాంపియన్ కంటే కూడా ముందు! మైదానమంతా ఈలలు. నేను మాత్రం మొహం గంటు పెట్టుకుని నిలబడ్డాను, సంతోషం కనబడితే ఎవరేం అంటారోనని.

గంట తర్వాత మార్కులు వేసే లెక్కల టీచరు నన్ను పక్కకి పిలిచింది.

"మిల్లీబార్ గారూ, మీ మేనకోడలి లాగర్లో పంతొమ్మిది వందల తొంభై రెండు దాకా ఉందండి. మీ కార్డు ప్రకారం పదిహేడు కలిపితే రెండు వేల తొమ్మిది అవుతోంది. ఒక్కసారి మీరు..."

"కార్డులో కలపమని ఉంటే కలపండి. నన్నడుగుతారేం?"

"అది కాదండీ, ఆ అమ్మాయి..."

"నా మేనకోడలైతే కార్డు మారిపోతుందా?" అని ఒంటికాలి మీద లేచాను. ఆవిడ వెళ్ళి పదిహేడు కలిపేసింది.

ఫలితాల కాగితం గోడకి అంటించేసరికి హాలంతా జనం. మా అమ్మాయి పేరెదురుగా సున్నా. అది కాగితం వంకా నా వంకా మార్చి మార్చి చూసింది.

"మామయ్యా, ఆల్టిమీటరు పంతొమ్మిది వందల డెబ్బై అయిదు దాటలేదు. నేను దాని మీంచి కళ్ళు తియ్యలేదు. కావాలంటే..."

అందరూ నన్నే చూస్తున్నారు. పళ్ళ డాక్టరు కూడా.

"దొరికిపోయినవాళ్ళందరూ పాడే పాట ఇదే!" అని అరిచాను. "ఆల్టిమీటరు అలా చూపించింది, ఎండ కళ్ళల్లో పడింది! లాగర్ ఏం రాస్తే అదే లెక్క. తొమ్మిది మీటర్లయినా తొంభై మీటర్లయినా దాటడం దాటడమే. చేసిందంతా చేసి మళ్ళీ వాదన ఒకటి. సిగ్గుండాలి!"

"అంత మాటెందుకండీ, పోనీలెండి," అన్నాడు పళ్ళ డాక్టరే.

అది ఏడవలేదు. నా వెనకాలే గది దాకా వచ్చి, లాగర్ని బల్ల మీద పెట్టింది. "ఒక్కసారి మళ్ళీ ఛాంబర్లో పెట్టి చూడు మామయ్యా. రేపు పదింటిదాకా ఫలితం ఒప్పుకోనని ప్రొటెస్ట్ రాసుకోవచ్చు. నువ్వు చూసి సరిగ్గానే ఉందంటే నేను రాయను. ఇంకెవరి మాటా నాకక్కర్లేదు."

చూస్తానన్నాను. చూడలేదు. అరగంట పని, మూత బిగించి పంపు కొట్టాలి. ఎందుకు చూడాలి? ముప్పై ఏళ్ళలో నా కార్డు ఒక్కటి తప్పిందా? క్యాంటీనులో భోజనం దగ్గర అది నా వంక చూస్తే, "చూశాను, సరిగ్గానే ఉంది," అనేశాను. చూడకపోయినా చూసినట్టే అనుకున్నాను. అది తల ఊపి అన్నం తినడం మొదలుపెట్టింది.

అయిదో రోజు పొద్దున టీ గ్లాసు చేతిలో ఉండగా ఊరికే లెక్క వేశాను. ఎందుకు వేశానో తెలియదు. పంతొమ్మిది వందల తొంభై రెండులోంచి పదిహేడు తీసేస్తే పంతొమ్మిది వందల డెబ్బై అయిదు. అది చెప్పిన అంకె. మీటరు ఎక్కువా కాదు, మీటరు తక్కువా కాదు.

పరుగులాంటి నడకతో గదికెళ్ళి లాగర్ని ఛాంబర్లో పెట్టాను. పెద్ద మీటరు రెండు వేల దగ్గరికి వచ్చేసరికి అద్దం కింద లాగర్ రెండు వేల పదిహేడు చూపిస్తోంది. రెండోసారి చేశాను. అదే. అంటే ఆ డబ్బా ఎక్కువ చెప్పే డబ్బా. పదిహేడు తియ్యాలి, కలపకూడదు. కార్డు రాసిన చిత్తుకాగితం బయటికి తీసి చూస్తే, రెండు వరుసలూ తారుమారు. వంగి లాగర్ ముందు చూసి, మీటరు రాయాల్సిన చోట దాన్ని రాశాను. మా అమ్మాయి రాసి ఉంటే, పైకి చదివి వినిపించి ఉంటే, ఈ తప్పు మొదటి వరుసలోనే దొరికిపోయేది. ఇరవై ఆరు డబ్బాలకీ లేని తప్పు దాని డబ్బాకే చేశాను.

అప్పుడు టైము తొమ్మిదీ ఇరవై. కొత్త అంకెలు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను. రోజూ ఎగరబోయే ముందు అందరూ చేరే హాలు నా గదికి వంద అడుగులు కూడా ఉండదు. పది దాకా గడువు.

ఎందుకు చెప్పలేదో ఇక్కడ చెప్పాలి కదా. తప్పు జరిగిందని చెప్పడం నాకు అంత కష్టమయ్యేది కాదేమో. "కార్డు రాసేటప్పుడు పొరపాటు పడ్డాను" అనొచ్చు. కానీ నిన్న "చూశాను" అన్నానే! చూడకుండా చూశానన్నానని చెప్పాలి. అంతమందిలో సిగ్గుండాలి అన్న నోటితోనే చెప్పాలి. ఇప్పుడెళ్ళి చెప్పనా, కాస్త ఆగి చెప్పనా అని కాలు కాలిన పిల్లిలా గదిలో తిరిగాను. తిరుగుతుండగానే ఇరవై నిమిషాలు పోయాయి. నా గురించి తప్ప దాని గురించి ఒక్క క్షణమైనా ఆలోచించానా అంటే, లేదు.

హాలు గుమ్మంలోకి వెళ్ళేసరికి తొమ్మిదీ నలభై ఆరు. లోపల మా అమ్మాయి లేచి నిలబడి ఉంది.

"నిన్న నేను హద్దు దాటాను," అంటోంది. "పైన జనంతో విమానాలు వెళ్తుంటాయి, అది చిన్న విషయం కాదు. నిన్న మా మామయ్యతో వాదించాను కూడా. ఆయన మళ్ళీ చూసి సరిగ్గానే ఉందన్నారు. ఆయన చూశాక ఇంక మాటేముంది? ప్రొటెస్ట్ రాయట్లేదు. తప్పు నాదే, అందరూ క్షమించండి."

చప్పట్లు కొట్టారు. పోటీ డైరెక్టరు, ఒకప్పుడు పెద్ద విమానాలు నడిపిన కెప్టెన్ గారు, గుమ్మంలో నన్ను చూసి, "రావయ్యా మిల్లీబార్! నీ పెంపకమే మాట్లాడుతోందిక్కడ," అన్నారు.

జేబులో చెయ్యి పెట్టాను, కాగితం వేళ్ళకి తగిలింది. వెనక వరుసలో ఖాళీ కుర్చీ ఉంటే వెళ్ళి కూర్చున్నాను. అంతే చేశాను. కూర్చున్నాను. పది అయ్యాక డైరెక్టరు గారు నాలుగో రోజు ఫలితాలు ఖరారైనట్టు చదివి, సంతకం పెట్టారు.

ఆ రోజు మా అమ్మాయి పదిహేడు వందల మీటర్లు దాటి ఎక్కలేదు. మంచి గాలి తలకాయ మీదే ఉంటే వదిలేసి కిందకిందే తిరిగింది. చివరికి మైదానం చేరలేక పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఎవరి పొలంలోనో దిగింది. ఆరో రోజు పొద్దున్నే ముసురు పట్టింది. పోటీ అక్కడితో ఆపేశారు. రెండో చోటు పళ్ళ డాక్టరుది.

అది నా గదికి వచ్చింది. జట్టు మాట ఎత్తుతుందేమో, నాలుగు తిట్లు తిడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండేది.

"మామయ్యా, సోమవారం కళ్ళ డాక్టరు దగ్గరికెళ్తున్నాను," అంది. "ముప్పై నాలుగు మీటర్లు తేడా. నేను చూసింది ఒకటి, ఉన్నది ఒకటి. పక్కన ఇంకో గ్లైడర్ ఉండి ఉంటే ఏమయ్యేది? నిన్నంతా నా కళ్ళని నేనే నమ్మలేకపోయాను. లైసెన్సు క్లబ్బుకి తిరిగిచ్చేద్దామనుకుంటున్నా. నువ్వేమంటావు?"

నేనేమంటాను! "తొందరపడకు," అని ఏదో గొణిగి, వానలో తడుస్తూ డైరెక్టరు గారి గదికెళ్ళాను. టీచరు కూడా అక్కడే ఉంది. జేబులో కాగితం తీసి బల్ల మీద పెట్టి, వరుసలు తారుమారైన సంగతి చెప్పాను.

ఆయన కళ్ళజోడు తీసి నుదురు రుద్దుకున్నారు. "అయ్యయ్యో. గడువు దాటిపోయిందయ్యా. నిన్న పదిలోపు వచ్చి ఉంటే ఒక్క గీతతో సరిచేసేవాణ్ణి. ఇప్పుడు నా చేతుల్లో లేదు. ఇంతకీ ఎప్పుడు చూశావు?"

"ఇవాళ పొద్దున," అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ఆయన లేచి వచ్చి నా భుజం తట్టారు. "ముప్పై ఏళ్ళలో ఒక్క తప్పు. అది కూడా నీ అంతట నువ్వే వచ్చి చెప్పావు. దీనికి గుండె కావాలి." టీచరు కళ్ళు తుడుచుకుంది. తల కొట్టేసినట్టయింది నాకు. ఛీ, ఇదేం బతుకని అక్కణ్ణుంచి బయటపడ్డాను.

ఎక్కడా నిలవకుండా వానలోనే మైదానమంతా తిరిగి తిరిగి వచ్చేసరికి, మా అమ్మాయి ట్రైలర్ బండిలోకి ఎక్కించడానికి గ్లైడర్ రెక్కలు ఊడదీస్తోంది. రెక్క ఇద్దరు మొయ్యాలి. మొదలు అది పట్టుకుంటుంది, చివర నేను పట్టుకుంటాను, ఏళ్ళ తరబడి అంతే. అలవాటుగా వెళ్ళి చివర పట్టుకున్నాను. అది పిన్ను లాగి నా వైపు తిరిగింది. మొహం వెలిగిపోతోంది.

"టీచరుగారు చెప్పారు మామయ్యా! నేను దాటలేదంటగా! డెబ్బై అయిదే! నా కళ్ళు బాగానే ఉన్నాయి!" నవ్వుతోంది. వానో కన్నీళ్ళో, చెంపలు తడిగా ఉన్నాయి. "రెండు రోజుల్నుంచీ పిచ్చెక్కినట్టుంది నాకు. జట్టు పోతే పోయింది, వచ్చే ఏడు చూసుకుందాం. నువ్వు అలా మొహం వేలాడేసుకోకు. పొరపాటు ఎవరికి జరగదు? ఇవాళ తెలిసింది, ఇవాళే వెళ్ళి చెప్పేశావు. ఇంకొకళ్ళయితే మూత పెట్టేసేవాళ్ళు."

అక్కడితో ఊరుకోవచ్చు. ఎవరికీ తెలియదు. అది నన్ను క్షమించేసింది కూడా. ఊరుకుందామనే అనుకున్నాను, దేవుడి సాక్షిగా అనుకున్నాను. కానీ అది నన్ను మెచ్చుకుంటుంటే భరించలేకపోయాను.

"ఇవాళ కాదమ్మా," అన్నాను.

"ఏంటి?"

"తెలిసింది నిన్న. తొమ్మిదిన్నరకి ముందే. నువ్వు లేచి అందరికీ క్షమాపణ చెబుతుంటే గుమ్మంలోనే ఉన్నాను. కాగితం జేబులో ఉంది. మొన్న రాత్రి చూశానన్నాను చూడు, అది కూడా చూడలేదు."

రెక్క ఇద్దరి చేతుల్లోనూ ఉంది. కింద పెట్టడానికి లేదు, వదలడానికి లేదు. ట్రైలర్ దాకా ఇరవై అడుగులు.

అది నా వంక చూడలేదు. "పద," అంది. నడిచాం. "కొంచెం కిందికి," అంది. వంచాను. "ఇంకా. ఆపు. ఇప్పుడు తొయ్యి." రెక్క లోపలికి జారి గాడిలో కూర్చుంది. అది బెల్టు బిగించి, తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంది.

రెండో రెక్క దగ్గరికి వెళ్ళి, చివర పట్టుకోవడానికి వంగాను.

"వద్దు మామయ్యా. దీనికి ఇంకెవరినైనా పిలుస్తాను. నువ్వెళ్ళు."

"ఒక్కదానివే ఎలాగమ్మా, వానలో..."

"వెళ్ళు."

గొంతు పెంచలేదు. రెక్క మీద చెయ్యి వేసి, హ్యాంగరు వైపు చూస్తూ నిలబడింది. అక్కడ అరడజను మంది ఉన్నారు. ఒక్క కేక వేస్తే ఎవరైనా పరిగెత్తుకొస్తారు. కానీ నేను అక్కడ ఉన్నంతసేపూ అది ఎవరినీ పిలవలేదు. వానలో అలా తడుస్తూనే ఉంది. అందుకని నేను వెళ్ళిపోయాను.